కట్టి నేర్చుకున్న చెయ్యి

మూడు రోజులుగా భోజనాల బల్ల మధ్యలో కొలువున్న హెయిర్ బ్యాండు నాలుగో రోజు పొద్దున కనపడలేదు.

ఊదారంగు వెల్వెట్ బ్యాండు. చుట్టూ చిన్న చిన్న వెండి చుక్కలు. ఒక మడతలో చిక్కుకున్న పొడవాటి వెంట్రుక. గిటారు వాయించే మాస్టారి సంచీలో దొరికిన దాన్ని ఆయన భార్య రెండు వేళ్ళతో ఎత్తి తెచ్చి బల్ల మీద పెట్టింది. "దీన్నెవరూ ముట్టుకోవద్దు. ఇదెవరిదో, ఇంట్లోకెలా వచ్చిందో చెప్పాకే తీస్తాను," అని తీర్పు చెప్పింది. ఆవిడ ఆపరేషన్ థియేటర్లో నర్సు. పదిహేనేళ్ళుగా జుట్టు చెవుల కిందికి రానివ్వలేదు. కాబట్టి "నీదేనేమో చూసుకో" అని బుకాయించే వీలు కూడా మొగుడికి లేకపోయింది.

మూడు రోజులూ ఆ ఇంట్లో మాస్టారు, భార్య, ఆయన తల్లి ముగ్గురూ దాని చుట్టూ కంచాలు పెట్టుకుని తిన్నారు. మాస్టారు నోరు విప్పలేదు. భార్య అడిగితే తలొంచుకున్నాడు. ఏడిస్తే కిటికీలోంచి బయటికి చూశాడు. మౌనం అర్ధాంగీకారం అంటారు. మూడు రోజుల మౌనానికి ఆ మిగతా సగం కూడా పూర్తయిపోయింది.

ఆదివారం ఎనిమిదింటికి కాఫీ కోసం వచ్చి బల్ల చూశాడు. అప్పుడు పెగిలింది ఆ మహానుభావుడి గొంతు.

"అదేదీ?"

"ఏది?"

"అదే... బ్యాండు."

చూశారా సంబడం! పెళ్ళాం కంట తడి పెట్టినప్పుడు రాని మాట, బ్యాండు కనపడకపోతే వచ్చింది. నర్సమ్మ కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టింది. పెట్టడమంటే మొత్తడమే. సగం ఒలికింది.

"ఎవరి సొమ్ము వాళ్ళకి అప్పజెప్పొచ్చాను. నిన్న సాయంత్రం డ్యూటీ దిగి అటే వెళ్ళాను."

"ఎక్కడికి?"

"టైపిస్టు ఇంటికి."

మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

టైపిస్టంటే నిజంగా టైపు కొట్టేవాడు కాదు. మాస్టారి పాటల ట్రూపులోనే రెండో గిటారు వాయిస్తాడు. తీగలు మీటడం మానేసి, రెండు చేతులూ గిటారు మెడ మీదే పెట్టి, పది వేళ్ళతోనూ టకటకా కొట్టి స్వరాలు పలికిస్తాడు. ఆరేళ్ళ కిందట అతను మొదటిసారి అలా వాయించినప్పుడు మాస్టారు అందరి ముందూ, "గిటారు మీటడానికి పుట్టిందిరా, కొట్టడానికి కాదు. దరఖాస్తులు టైపు చేసుకో పో," అన్నాడు. ఆ రోజు నుంచీ అతని పేరు టైపిస్టు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఇప్పుడు రేషన్ కార్డుకే పనికొస్తోంది. ఆ ట్రూపులో పాటలు పాడే అమ్మాయి అతని భార్య. జడ నడుము దాటి ఉంటుంది.

"మూడు నెలల కిందటి ప్రోగ్రాంలో ఆ అమ్మాయి జడకి చూశాను ఈ ఊదా బ్యాండు. నా కళ్ళు కుట్లేసే కళ్ళు. పొరపాటు పడవు," అంది నర్సమ్మ.

"ఏమన్నావు వాళ్ళతో?"

"అనాల్సినవే అన్నాను. కింది గుమ్మం దగ్గర మొదలెట్టి మూడో అంతస్తు దాకా అనుకుంటూనే ఎక్కాను. మూడంతస్తుల వాళ్ళూ తలుపులు తీసుకుని విన్నారు. ఆ అమ్మాయి ఒట్టేసింది, మైకు స్టాండు దగ్గర ఎక్కడో పారేసుకున్నానంది. ఒట్లకేం, నోరుంటే చాలు. మరి మా ఆయన మూడు రోజుల్నించి ఎందుకు కాదనలేదమ్మా అన్నాను. ఆ ఒక్క మాటకి వాళ్ళాయన మొహం మాడిపోయింది. పెట్టె తీసి గుమ్మం దగ్గర పెట్టాడు. ఇవాళ పదింటికి ఆ అమ్మాయి అన్నయ్య వచ్చి తీసుకుపోతాడట."

గోడ గడియారం ఎనిమిదీ పది చూపిస్తోంది.

మాస్టారి తల్లి అప్పుడే స్నానం చేసి వచ్చింది. మొదటి రోజు నుంచీ ఆవిడకి ఈ గొడవంతా లోలోపల గర్వంగానే ఉంది. "పోనీలేవే అమ్మాయ్. కళాకారుడన్నాక ఆ మాత్రం ఉంటుంది. వీళ్ళ నాన్నకి ఆ పాటి ముచ్చట కూడా లేదు," అంది.

"మీరూరుకోండత్తయ్యా."

అసలు నిజం మాత్రం మాస్టారొక్కడికే తెలుసు. ఆ నిజమేమిటో చెబితే మీరు నవ్వుతారు. మీరు నవ్వుతారనే కదా ఆయన ఇంతవరకూ చెప్పలేదు.

మూడు నెలల కిందట ఒక పెద్ద హాలులో ప్రోగ్రాం. మాస్టారు వేళ్ళు కాయలు కాచేలా వాయించినంత సేపూ జనం మాట్లాడుకుంటూ కూర్చున్నారు. టైపిస్టు రెండు చేతులూ గిటారు మెడ మీద పెట్టగానే లేచి నిలబడ్డారు. అయిపోయాక ఒక పెద్దమనిషి వచ్చి, "కాస్త పక్కకి జరుగుతారా? ఆ అబ్బాయితో ఫోటో తీసుకోవాలి," అన్నాడు. అన్నది మాస్టారితో. పాతికేళ్ళు వాయించిన మాస్టారితో!

మర్నాటి నుంచి స్టోరు రూములో తలుపేసుకుని, గిటారుని స్పీకరుకి కలిపే వైరు పెట్టకుండా, దొంగచాటుగా టైపు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. కుడిచేతి నడివేలితో గిటారు మెడ మీది పన్నెండో మెట్టు, అదే పన్నెండో ఫ్రెట్ మీద కొట్టాలి, తీగని కాస్త గీరి వదలాలి. ఆ లోపు ఎడమచేతి చూపుడువేలు ఐదో ఫ్రెట్ మీద నొక్కిపెట్టి ఉండాలి, చిటికెనవేలు ఎనిమిదో ఫ్రెట్ మీద పడాలి. మూడే మూడు స్వరాలు, మళ్ళీ అవే. చెప్పడానికి ఇంతే. చేయబోతే వేలు లేచిన ప్రతిసారీ పక్క తీగలు కయ్యిమనేవి. తీగల పైకొసన హెయిర్ బ్యాండు చుట్టి బిగిస్తే ఆ రొద అణిగిపోతుందని ఏదో వీడియోలో చూశాడు. కానీ కొట్టుకి వెళ్ళి ఆడపిల్లలు పెట్టుకునే బ్యాండు ఎలా అడుగుతాడు? పరువు! రిహార్సల్ గదిలో మైకు స్టాండు కింద ఒకటి పడి ఉంటే అటూ ఇటూ చూసి జేబులో వేసుకున్నాడు.

ఇదీ ఆ ప్రేమాయణం.

ఈ మాట మొదటి రోజే చెబితే ఏం పోయేది? మాస్టారి లెక్క వేరు. పరాయి ఆడదానితో తిరుగుతున్నాడంటే నలుగురు మగాళ్ళు కన్ను గీటి ఊరుకుంటారు. టైపు నేర్చుకుంటున్నాడంటే నలభై మంది పళ్ళికిలిస్తారు. ఆరేళ్ళు ఎగతాళి చేసిన నోటితో ఆ మాట అనడం కన్నా తిరుగుబోతనిపించుకోవడమే నయమనుకున్నాడు. ఆ అమ్మాయి కాపురం మీదికొస్తుందని ఆయన బుర్రకి తట్టనే లేదు. తట్టేంత చోటు అందులో లేదు.

ఇప్పుడు పదింటికి పెట్టె కదులుతుందంటున్నారు.

"అది ఆ అమ్మాయి ఇవ్వలేదు. నేనే తీశాను," అన్నాడు నేల చూస్తూ.

"ఎందుకు? వాసన చూసుకోవడానికా?"

"గిటారుకి కట్టడానికి."

"ఏం, మీ గిటారు జడేసుకుంటోందా?"

"నిజమే. అది కడితే పక్క తీగలు మోగవు. నేను... టైపిస్టు వాయించేది నేర్చుకుంటున్నాను. మూడు నెలల్నించి. స్టోరు రూములో."

"ఎంత చక్కగా అల్లారండీ! నాలుగు రోజులు పట్టిందా ఇది అల్లడానికి?"

అంతలో ముసలావిడ చేతిలో తువ్వాలు కిందపడేసింది.

"ఒరే! స్టోరు రూములో ఆ టిక్కుటిక్కు నువ్వట్రా? ఎలకలనుకుని మూడు నెలలుగా బోను పెడుతున్నాను కదరా! ఒక్కటీ పడదేమిటీ, ఇంత తెలివైన ఎలకలున్నాయేమిటీ కొంపలో అని ఆశ్చర్యపోతున్నాను!"

నర్సమ్మ తిరిగి అత్తగారి వంక చూసింది. ఆ టిక్కుటిక్కు తనూ విన్నది. ఎలకల మందు కొనుక్కొచ్చింది కూడా తనే. మాస్టారు స్టోరు రూములోకి వెళ్ళినప్పుడే ఆ చప్పుడు వచ్చేదని ఇప్పుడు ఒకటొకటే గుర్తొస్తున్నట్టు, ఆవిడ కుర్చీ వెనక పట్టుకుని స్టోరు రూము తలుపు వంక చూసింది.

నమ్మిందని మాస్టారికి అర్థమైంది. హమ్మయ్య అనుకున్నాడు. ఒలికిపోగా మిగిలిన కాఫీ అందుకుని ఒక గుక్క తాగాడు కూడా.

"గ్లాసు కింద పెట్టు," అంది నర్సమ్మ.

పాతికేళ్ళ కాపురంలో ఆవిడ మొగుణ్ణి 'మీరు' అనే పిలిచింది. గ్లాసు కిందికి దిగింది.

"నిజంగా ఆడదే అయ్యుంటే, ఏడ్చి, తిట్టి, ఎప్పటికో అప్పటికి మగబుద్ధి అని సరిపెట్టుకునేదాన్నేమో. నువ్వు నలుగురు నవ్వుతారని నన్ను ఏడిపించావు. మూడు రోజులు నా ఎదురుగా కూర్చుని తింటూ, నేనేడుస్తుంటే చూశావు. ఒక్క మాట! ఒక్క మాటకి అయిపోయేది. నేను నీకు ఆ ఎగతాళి కన్నా చవకైపోయాను."

"అది కాదే..."

"ఇంకేదీ కాదు. గిటారు తీసుకో. పద."

"ఎక్కడికి?"

"వాళ్ళింటికి. వాడి ముందు కూర్చుని వాయించు. నువ్వు నేర్చుకున్నది ఏమిటో వాడు చూడాలి."

"టైపిస్టు ముందా?" అన్నాడు మాస్టారు. ఆ ప్రశ్నలో ఆయన బతుకంతా ఉంది.

"పరువు పోతుందే అమ్మాయ్," అంది ముసలావిడ.

"పోవడానికి ముందుండాలి కదత్తయ్యా," అని నర్సమ్మ చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

* * *

టైపిస్టు ఇంటి గుమ్మం దగ్గర నిజంగానే పెట్టె ఉంది. నీలం రంగు పెట్టె, హ్యాండిల్‌కి నీళ్ళ సీసా తగిలించి ఉంది. పాటలమ్మాయి లోపలి గదిలో మంచం అంచున కూర్చుంది. తలెత్తలేదు. నిన్నటి దాకా "అక్కా" అని పరుగెత్తుకొచ్చిన పిల్ల.

టైపిస్టు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. రాత్రంతా నిద్ర లేనట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇంకా ఏం మిగిలింది మాస్టారూ?"

మాస్టారు భార్య వంక చూశాడు. ఆవిడ గోడ వంక చూసింది. చెప్పక తప్పలేదు. చెప్పాడు. చెప్పడమంటే, ముక్కలు ముక్కలుగా, మింగుతూ, దగ్గుతూ చెప్పాడు. 'టైపు' అనే మాట దగ్గరికొచ్చేసరికి 'అది' అన్నాడు.

"అదంటే?" అన్నాడు టైపిస్టు.

"నువ్వు వాయించేది."

టైపిస్టు పకపకా నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం వీసమెత్తు లేదు. "దరఖాస్తులు టైపు చేసుకోమన్నారు నన్ను. ప్రోగ్రాం పోస్టర్ మీద కూడా టైపిస్టనే వేయించారు. మా మావగారు పెళ్ళిలో 'బాబుకి ఏ ఆఫీసులో ఉద్యోగం' అనడిగాడు. ఆ మీరు నా పని నేర్చుకుంటున్నారా? ఇది నన్ను నమ్మమంటారా?"

"వాయిస్తాడు. విను," అంది నర్సమ్మ.

"ఆ బ్యాండు..." అని నసిగాడు మాస్టారు. "ఒకసారి ఇస్తే..."

"నిన్ననే కత్తెరతో రెండు ముక్కలు చేశాను. చెత్తబుట్టలో ఉంది. కావాలా?"

వద్దని తలాడించాడు. బ్యాండు దొరికాక అది లేకుండా ఆయన టైపు ఎన్నడూ వాయించలేదు. వైరు పెట్టి కూడా ఎన్నడూ వాయించలేదు. టైపిస్టు అడక్కుండానే వైరు తెచ్చి గిటారుకి గుచ్చాడు, స్పీకరు వాల్యూం పెంచాడు.

మాస్టారు కుర్చీ అంచున కూర్చుని, ఎడమచేతి చూపుడువేలు ఐదో ఫ్రెట్ మీద పెట్టి, కుడిచేతి నడివేలు ఎత్తాడు. కొట్టాడు.

దేవుడా! ఒక స్వరం పలికితే దాని వెనక నాలుగు తీగలు మొర్రోమన్నాయి. వేలు లేపితే ఒక అరుపు, వేలు దించితే ఒక కీచు. స్టోరు రూములో టిక్కుటిక్కుమని బుద్ధిగా ఉన్నదంతా స్పీకరులో వీధికుక్కల కొట్లాటైపోయింది. పాతికేళ్ళు వేదిక మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్న మనిషి, మొదటి పాఠం పిల్లాడి కన్నా హీనంగా వాయించాడు. కింది అంతస్తులో ఎవరో కిటికీ ధడాలున మూశారు.

"ఇదా మూడు నెలల సాధన?" అన్నాడు టైపిస్టు. "పాతికేళ్ళ చెయ్యి మాస్టారూ మీది. నిజంగా మూడు నెలలు కూర్చుంటే ఇట్లా వస్తుందా? నిన్న ఆవిడ వచ్చి అరిచాక, రాత్రికి రాత్రి నాలుగు వీడియోలు చూసి వచ్చారు."

నిజం చెప్పినా నమ్మడం లేదు. ఇప్పుడు మిగిలింది ఒక్కటే దారి. మాస్టారు నర్సమ్మ వంక చూడలేదు, లోపలి గది వంకా చూడలేదు. గిటారు వంక చూస్తూ అన్నాడు.

"మూడు నెలలూ కూర్చున్నాను. నాకు చేత కావడం లేదు."

ఆ మాట అన్నాక ఎవరూ నవ్వలేదు. నవ్వితే కొంచెం నయంగా ఉండేదేమో.

టైపిస్టు "మళ్ళీ వాయించండి. మెల్లగా," అన్నాడు.

మాస్టారు మళ్ళీ మొదలుపెట్టాడు. టైపిస్టు వచ్చి ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చున్నాడు. ఈసారి ఆయన మొహం చూడలేదు, చేతులు చూశాడు. కుడి అరచెయ్యి గాల్లో తేలుతోంది. ఎడమచేతి వేళ్ళు నిటారుగా నిలబడి ఉన్నాయి. పక్క తీగల్ని తాకి అణిచే పని ఏ వేలూ చెయ్యడం లేదు. వేళ్ళు పడుతున్న చోటు మాత్రం సరైనదే. వేగం కూడా సరైనదే. వెంట్రుకవాసి తప్పు లేదు.

"ఆపండి," అన్నాడు. చెయ్యి పట్టుకుని, ఆ అరచేతిని తీగల మీదికి వంచి చూశాడు. అది బిర్రబిగుసుకుపోయి ఉంది, వంగలేదు. "ఇది రాత్రికి రాత్రి వచ్చేది కాదు. బ్యాండు కట్టి నేర్చుకున్న చెయ్యి ఇది. కొత్తలో పక్క తీగల్ని చేత్తోనే అణచాలి. కట్టేస్తే చేతికి ఆ పనుందనే తెలీదు. వేళ్ళు పరుగెత్తుతాయి, బ్యాండు తీస్తే గోలంతా బయటపడుతుంది. సొంతంగా నేర్చుకున్నవాళ్ళే చేస్తారు ఈ తప్పు. పక్కన ఒక్కడున్నా మొదటి రోజే చెప్పేవాడు."

"ఎవర్నడగను?" అన్నాడు మాస్టారు.

టైపిస్టు లేచి నిలబడి, లోపలి గది వైపు తిరిగాడు. "విన్నావుగా. ఈయన చెప్పింది నిజమే. బ్యాండు తీసింది గిటారుకే. పెట్టె లోపల పెట్టేస్తాను," అన్నాడు.

పాటలమ్మాయి మంచం మీంచి లేచింది. జడకి మామూలు నల్ల రబ్బరు బ్యాండు పెట్టుకుంది. మొగుడి ముందుకొచ్చి నిలబడింది.

"పెట్టె ముట్టుకోకు."

"తప్పైపోయింది. మరి నమ్మేలాగే ఉంది కదా అప్పుడు..."

"ఆరేళ్ళ నుంచి నీతో కాపురం చేస్తున్నాను. తల్లి మీద ఒట్టేశాను. నా మాట నీకు చాలలేదు. ఈయన తప్పుడు వాయింపు చాలింది."

మాస్టారు గిటారుకి వైరు పీకుతున్నట్టు నటించాడు. కింద వీధిలో హారన్ మోగింది. అన్నయ్య టైముకే వచ్చాడు.

నర్సమ్మ ముందుకొచ్చింది. "అమ్మా, నాదే తప్పు. నీ చేతులు పట్టుకుంటాను. వెళ్ళకమ్మా," అంది. చేతులు చాపింది.

పాటలమ్మాయి ఆ చేతుల్ని చూసింది కానీ అందుకోలేదు.

"నిన్న గదిలో అన్నారా నర్సుగారూ మీరు? గదిలో అనుంటే గదిలోనే అయిపోయేది. కింది గుమ్మం నుంచి ఎక్కుతూ ఒక్కొక్క తలుపు దగ్గరా అన్నారు. రాత్రి నీళ్ళకి వెళ్తే పక్కింటావిడ బిందె పక్కకి జరుపుకుంది." పెట్టె చేత్తో ఎత్తింది. "నేను దిగుతున్నాను. ముందు మీరు నడవండి. ప్రతి తలుపు దగ్గరా ఆగి, నిన్నటి గొంతుతోనే, 'నేను అన్నదంతా అబద్ధం' అని చెప్పండి. కిందికి చేరాక, అన్నయ్యని పంపించెయ్యాలో, బండెక్కాలో అప్పుడు చూసుకుంటాను."

"అంతే కదా. పద," అంది నర్సమ్మ. మొగుడి వైపు ఒక చూపు విసిరింది. చూడు, తప్పు ఒప్పుకోవడమంటే ఇలాగ, అన్నట్టుందా చూపు.

చరచరా మెట్లు దిగింది. వెనక పాటలమ్మాయి, ఆ వెనక టైపిస్టు, అందరికన్నా వెనక సంచీలో కూడా పెట్టని గిటారుతో మాస్టారు.

రెండో అంతస్తులో తలుపు అప్పటికే తీసి ఉంది. ఇంటావిడ తడి చేతులు చీరకి తుడుచుకుంటూ నిలబడింది. ఆవిడ వెనక మొగుడు, మొగుడి వెనక అత్తగారు. ఎదురు వాటాలో కూడా గడియ తీసిన చప్పుడైంది. అందరూ నర్సమ్మ వంకే చూస్తున్నారు.

నర్సమ్మ ఆగింది. ఊపిరి పీల్చుకుంది. చీర కొంగు సర్దుకుంది. నిన్న ఇదే చోట నిలబడి ఇల్లెగిరిపోయేలా అరిచిన మనిషి. పెదాలు కదిలాయి.

"నిన్న నేను... ఆ అమ్మాయిని..." అంది. ఆ పైన ఏమందో వెనక నాలుగు మెట్ల దూరంలో ఉన్న మాస్టారికి కూడా తెలీలేదు.

ఇంటావిడ చెవి వెనక చెయ్యి పెట్టుకుంది. "ఏంటమ్మా?"

నర్సమ్మ మెడ దాకా ఎర్రబడింది. మళ్ళీ పెదాలు కదిపింది. కింద హారన్ రెండోసారి మోగింది.

"ఆవిడకి వినపళ్ళేదట," అంది పాటలమ్మాయి, పెట్టె కింద పెట్టకుండా.